పచ్చిక భంజకులు

నోర్దాల్ కౌంటీ వ్యవసాయ కార్యాలయంలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. రైతంటే ఎవరో అందులో రాసి ఉంటుంది. పొద్దున్నే లేచి, బురద బూట్లు తొడుక్కుని చేలోకి పోయేవాడు రైతని మీరూ నేనూ అనుకుంటాం. మన మొహం. ఆ పుస్తకం ప్రకారం రైతంటే "సేద్యంలో క్రియాశీలంగా నిమగ్నమైన వ్యక్తి". వ్యక్తి అంటే మళ్ళీ మనిషే అయి ఉండాలని ఏమీ లేదు. కంపెనీ కావచ్చు, ట్రస్టు కావచ్చు, చచ్చిపోయినవాడి ఆస్తి కూడా కావచ్చు. చచ్చినవాడు క్రియాశీలంగా ఎలా నిమగ్నమవుతాడని మాత్రం అడక్కండి, దానికి వేరే పేజీ ఉంది.

బోర్గిల్డ్ స్కోగెన్ మాత్రం రైతు కాదు. ఆవిడ నలభయ్యేళ్ళపాటు ఆవుల పొదుగుల కింద కూర్చుంది, ట్రాక్టరు తోలింది, మంచులో ఈనలేక అవస్థపడే ఆవుల నుంచి దూడల్ని లాగింది, కోతల కాలంలో లారీ నడిపింది. ఒకసారి ఆఫీసువాళ్ళు పిలిచి, శ్రమ ఎవరిది, యంత్రం ఎవరిది, విత్తనం ఎవరిది, నిర్ణయం ఎవరిది అని నాలుగు ప్రశ్నలు వేశారు. యంత్రాలు మొగుడు ఓర్విల్ పేర ఉన్నాయి, విత్తనం బిల్లు కూడా అతని పేరే. "నిర్ణయమంటారా, ఇద్దరం వంటింట్లో కూర్చుని మాట్లాడుకుంటాం" అంది. వంటింట్లో మాట్లాడుకోవడం పుస్తకంలో లేదు. ఇక ఆవిడ శ్రమ, అది "ఇంటి సాయం" కింద కొట్టుకుపోయింది. అదే పక్క పొలం ఐనార్ లోఫ్తుస్ కొడుకుని చూడండి. ఎక్కడో దూరాన మినియాపోలిస్ నగరంలో పళ్ళ డాక్టరు. ఆదివారం ఆదివారం ఫోను చేసి "నాన్నా, వాన పడిందా?" అంటాడు. అది "క్రియాశీల నిర్వహణ" అట. వాడు రైతు. వాడి పేర చెక్కు కూడా వస్తుంది.

ఐనార్‌కి ఇంకో హోదా ఉంది. రైతులు ఓట్లేసి ఎన్నుకున్న ముగ్గురు రైతుల కౌంటీ కమిటీకి అతను అధ్యక్షుడు. ఎవరికి ఏ పథకం వర్తిస్తుందో, ఎవరు ఏ తప్పు చేశారో తేల్చేది ఆ ముగ్గురే. అంటే మన పక్కింటివాడే మనకి జడ్జీ అన్నమాట. ఎంత సుఖమైన ఏర్పాటో మీరే చెప్పండి.

స్కోగెన్‌లకి రోడ్డుకి అటొక చెక్క, ఇటొక చెక్క ఉన్నాయి; చెక్కంటే మా లెక్కలో నూట అరవై ఎకరాలు. తూర్పున పల్లపు చేను. పడమట గుట్ట, దాని కాళ్ళ దగ్గరే ఇల్లు. గుట్టకి పుస్తకంలో పేరు "తీవ్రంగా కోతపడే భూమి". దున్నితే గాలికి సగం నేల పక్క కౌంటీకి వెళ్ళిపోతుందని దాని భావం. తొమ్మిదేళ్ళ కిందట ఓర్విల్ గుండె మొదటిసారి మొరాయించినప్పుడు, ఇక ఆ గుట్టని దున్నం, గడ్డి వేసి వదిలేస్తాం అని వాళ్ళు సర్కారుతో ఒప్పందం రాసుకున్నారు. బదులుగా సర్కారు ఏటా అద్దె ఇస్తుంది. గడ్డిని కూడా గడ్డి అనకూడదు, "శాశ్వత ఆచ్ఛాదన" అనాలి. ముసలి దంపతుల తిండీ మందులూ అన్నీ ఆ ఆచ్ఛాదన మీదే. గడువు తీరకముందు ఎవరైనా గుట్ట దున్నితే ఒప్పందం రద్దు. మొదటి రోజు నుంచి తిన్నదంతా వడ్డీతో కక్కాలి. కక్కాలంటే గుట్టా, పల్లమూ, ఇల్లూ అమ్ముకుని, కౌంటీ ఆఫీసున్న ఊళ్ళో వృద్ధాశ్రమం గదిలో రెండు కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. ఆ గది తలుచుకుంటేనే బోర్గిల్డ్‌కి ఊపిరాడదు. "నేను పోయాకే నన్ను ఇక్కడ్నించి, కాళ్ళు ముందుకి పెట్టి, తీసుకెళ్ళాలి" అని మొగుడితో ఎప్పుడో చెప్పేసింది.

ఊళ్ళో మగవాళ్ళకి మాత్రం ఆ గడ్డిని చూస్తే ఒళ్ళు మంట. నార్వే నుంచి పడవెక్కి వచ్చిన తాతలు ఈ నేలని గోళ్ళతో గీకి గోధుమ పండించారాయె. దున్నకుండా పడున్న నేల కంటపడితే వీళ్ళ చేతులు దురద పెడతాయి. చర్చి కింద గదిలో ఆదివారం కాఫీ తాగుతూ ఐనార్ ప్రతి వసంతంలోనూ అదే జోకు వేసేవాడు. "ఏం ఓర్విల్, ఈ ఏడు గడ్డి ఎకరానికి ఎన్ని బస్తాలు దిగేలా ఉంది?" అందరూ నవ్వేవారు. ఓర్విల్ కూడా నవ్వేవాడు. నవ్వి ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూర్చుని, గుట్టకేసి చూస్తూ ఉండిపోయేవాడు.

ఆ ఏడు మే నెలలో, సరిగ్గా విత్తనాల వేళకి, ఓర్విల్ గుండె రెండోసారి మొరాయించింది. ఫార్గో పట్నం ఆసుపత్రిలో ఛాతీ కోసి కుట్టారు. బోర్గిల్డ్ అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. విత్తేవేళ ఎవరైనా మంచం పడితే ఇరుగుపొరుగు అంతా యంత్రాలు కట్టుకుని వచ్చి వాళ్ళ పొలం విత్తేసి పోతారు. విత్తనం వాళ్ళదే, డీజిలు వాళ్ళదే. ఇంటివాళ్ళని అడగరు. అడిగితే వాళ్ళు "వద్దులెండి, మీకెందుకు శ్రమ" అనాలి, వీళ్ళు "పర్లేదులెండి" అనాలి, అందరికీ సిగ్గు. అందుకని చెప్పాపెట్టకుండా వస్తారు, చేసేస్తారు, పోతారు. చాలా గొప్ప పద్ధతి. నిజంగానే చెప్తున్నా, నాకు కళ్ళు చెమరుస్తాయి. ఒక్క అడక్కపోవడం దగ్గరే వచ్చింది పేచీ.

బట్టలు తెచ్చుకుందామని బోర్గిల్డ్ ఇంటికొచ్చేసరికి వాకిట్లో ట్రాక్టర్లు, మనుషులు, సంబరం. గుట్ట మొదలు నుంచి కొన దాకా నల్లగా ఉంది. శాశ్వత ఆచ్ఛాదన శాశ్వతంగా పోయింది.

"ఏమీ అనకు, అసలేమీ అనకు" అన్నాడు ఐనార్, సిగ్గుతో టోపీ నలుపుతూ. "పల్లపు చేలో చక్రాలు దిగబడిపోతున్నాయి. పోనీ గుట్టైనా ఎక్కుదామని ఎక్కేశాం."

"ఎన్నేళ్ళ గడ్డో, వేళ్ళు తాళ్ళల్లే పెనవేసుకున్నాయి" అన్నాడు కెర్మిట్ బాకెన్. అతను కమిటీలో రెండో సభ్యుడు. "పళ్ళాల డిస్కు నాగలి మూడు తిప్పులు తిప్పాం. కింద నేల చూశావూ, వెన్న! ఇన్నాళ్ళూ ఊరికే పాడుపెట్టారు గదమ్మా."

ఆ గుట్ట దున్నరాదని రాసిన ఒప్పందం మీద అధ్యక్షుడిగా సంతకం పెట్టినవాడు ఈ ఐనారే. కానీ ఆ సంతకం పెట్టింది ఆఫీసు కుర్చీలో కూర్చున్న ఐనార్. ట్రాక్టరు సీటు మీద కూర్చున్న ఐనార్ వేరే మనిషి. ఇద్దరికీ పరిచయం లేదు.

బోర్గిల్డ్‌కి అరవాలనిపించింది. ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా పిలిచి తిట్టాలనిపించింది. కానీ వాళ్ళు రెండు రోజుల సొంత పని మానుకుని, చెమటోడ్చి, తృప్తిగా వెలిగిపోతున్న మొహాలతో నిలబడ్డారు. వాళ్ళని తిట్టడానికి ఆవిడకి నోరు రాలేదు.

"కాఫీ పెడతాను" అంది.

మర్నాడు కౌంటీ ఆఫీసుకి వెళ్ళింది. గుమాస్తా ట్రీనా చిన్నప్పుడు ఆవిడ దగ్గరే ఆదివారం బడిలో చదువుకుంది. సంగతంతా వినేసరికి ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"టీచర్, మీరు చెప్పింది నేను వినలేదనుకోండి."

"విన్నావుగా."

"విన్నాను. అదే వచ్చిన చిక్కు. వింటే నేను పైకి రాయాలి." ట్రీనా గొంతు తగ్గించింది. "ఇది ఒక్క తప్పు కాదు టీచర్. ఒప్పంద ఉల్లంఘన ఒకటి. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో గడ్డి కదపడం ఒకటి. పైగా కోతపడే నేలలో గడ్డిని కొత్తగా విరగదున్ని పంట వేసిన రైతుని చట్టం 'పచ్చిక భంజకుడు' అంటుంది. అలాంటివాడికి ఆ ఏడు ఏ పొలం మీదా, ఏ పథకం కిందా చిల్లిగవ్వ రాదు."

"ఓర్విల్ భంజకుడా? ఆయన గుండెనే కోసి కుట్టారు. మంచం మీంచి లేచి ఒంటేలుకి పోలేకపోతున్నాడు, పచ్చిక భంజించడానికి లేచాడా?"

"కాగితం మీద రైతు ఆయనే కదా టీచర్."

లోపలి గదిలోంచి డైరెక్టరు ఫైఫర్ గారు వచ్చారు. పొరుగు రాష్ట్రం మనిషి. చెడ్డవాడు కాదు, అలాగని మంచివాడని కూడా అనలేం. పుస్తకం ఎలా ఉంటే ఆయన అలా ఉంటాడు. "మీ బాధ నాకర్థమైందండీ మిసెస్ స్కోగెన్. కమిటీ ముందు పెడతాను. మీవారిని రమ్మనండి" అన్నాడు.

"ఆయనకి ఈ మాట చెప్తే అక్కడే పోతాడండీ. నేనొస్తాను."

"మీరు రైతు కాదు కదండీ..." అని ఆగి, ఆవిడ చూపు చూసి, "సరే, ప్రతినిధిగా రండి" అన్నాడు.

రెండ్రోజుల్లో ఐనార్, పెళ్ళాం ఫిల్లిస్‌ని వెంటబెట్టుకుని దిగాడు. కాఫీ ఇస్తానంటే మర్యాద ప్రకారం వద్దన్నాడు. మళ్ళీ అడిగితే "ఎందుకులే" అన్నాడు. మూడోసారి అడిగితే "సరే, చుక్క పొయ్యి" అని మూడు కప్పులు తాగాడు. పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన కేకు కూడా అలాగే మూడోసారి అడిగాక నాలుగు ముక్కలు తిన్నాడు.

"ఆఫీసులో నా బల్ల మీద మీ కాగితం చూశాను బోర్గిల్డూ" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ప్రాణం ఉసూరుమంది. ఏం చేస్తాం, చట్టం చట్టమే. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

'మొన్న డిస్కు ఉంది' అనుకుంది బోర్గిల్డ్. పైకి అనలేదు.

"అమ్ముకోవలసి వస్తే మాత్రం బయటివాళ్ళకి ఇవ్వకు. ఎవడో కంపెనీవాడు కొంటాడు. నేనే తీసుకుంటాను. గుట్ట నా చేనుకి ఆనుకునే ఉంది కదా. ఎలాగూ విత్తేశాం, పంట కూడా వృథా పోదు."

ఆవిడ చేతిలో కాఫీ కెటిలు అలాగే ఆగిపోయింది. ఈ మనిషి కావాలని చేశాడా? ఆవిడ ఐనార్ మొహంలోకి తేరిపార చూసింది. లేదు. కావాలని చేసేటంత తెలివి ఆ మొహంలో లేదు. మంచితనంతోనే దున్నాడు, మంచితనంతోనే కొంటానంటున్నాడు. తన మంచితనం ప్రతిసారీ తన గట్టు వైపే ఎందుకు ఒరుగుతుందో ఆలోచించుకునే అలవాటు లేదు, అంతే. ఆవిడకి అదే మరీ మండింది. దొంగైతే కుక్కని వదలొచ్చు. ఇలాంటివాడికి కేకు పెట్టాలి.

ఫిల్లిస్ గొంతు సవరించుకుంది. "ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. పత్రికలో కృతజ్ఞతల ముక్క ఇంకా వెయ్యలేదేంటమ్మా? చర్చిలో అందరూ అడుగుతున్నారు. పొగడ్త కోసం కాదనుకో. కానీ ఆయన డీజిలే ట్యాంకుల కొద్దీ పోశారు."

అదీ మా పద్ధతే. ఎవరికైనా సాయం అందితే మా వారపత్రిక చివరి పేజీలో నాలుగు వాక్యాలు వేయించాలి. 'కష్టకాలంలో భోజనాలు పంపినవారికి, ప్రార్థించినవారికి, ఇతరత్రా ఆదుకున్నవారికి మా కృతజ్ఞతలు' అని. పేర్లు మాత్రం వెయ్యరు. ఎవరిదైనా మరిచిపోతే మూడు తరాలు మాటలుండవు.

"అయ్యో, నిజమే ఫిల్లిస్" అంది బోర్గిల్డ్. అప్పుడే ఆవిడ మనసులో ఏదో కదిలింది. కెటిలు కింద పెట్టి కూర్చుంది. "బుద్ధి లేకపోయింది నాకు. తప్పకుండా వేయిస్తాను. ఊరికే పొడిపొడిగా కాదు, పేరుపేరునా వేయిస్తాను."

ఫిల్లిస్ మొహం విప్పారింది. "అబ్బే, పేర్లెందుకు" అంది, మర్యాద ప్రకారం.

కమిటీ రోజు బోర్గిల్డ్ చర్చి గౌను వేసుకుని వెళ్ళింది. పొడుగుబల్లకి ఆవల ఐనార్, కెర్మిట్, మూడో సభ్యుడు డెల్మర్ రూడ్ కూర్చున్నారు. డెల్మర్‌కి చెవుడు. ఐనార్ చెయ్యెత్తితే తనూ ఎత్తుతాడు, అందుకే ప్రతి ఎన్నికలోనూ డెల్మరే నెగ్గుతాడు. ఒక పక్కన ఫైఫర్ గారూ ఆయన పుస్తకమూ, ఇంకో పక్కన ట్రీనా.

ఐనార్ తన ఆఫీసు గొంతు తీశాడు. "స్కోగెన్ గుట్ట విషయం. ఒప్పంద భూమిలో శాశ్వత ఆచ్ఛాదన ధ్వంసం. బాధ్యుడు ఓర్విల్ స్కోగెన్. చాలా విచారకరం." తల కూడా అడ్డంగా ఊపాడు. ఆ గుట్ట ఎలా దున్నబడిందో ఆ గదిలో తనకి మాత్రమే తెలియనట్టు ఊపాడు.

"మీలో ఎవరికైనా ఈ విషయంలో ప్రమేయం ఉందా?" ఫైఫర్ గారు పద్ధతి ప్రకారం అడిగారు.

"ఇరుగుపొరుగుగా వెళ్ళాం" అన్నాడు కెర్మిట్. "కమిటీగా వెళ్ళలేదు."

"ఏంటీ?" అన్నాడు డెల్మర్.

"మిసెస్ స్కోగెన్, మీరేమైనా చెప్పుకుంటారా?"

"చెప్పుకోడానికేం లేదండీ" అంది బోర్గిల్డ్ మెత్తగా. "ఒక చిన్న సాయం కావాలి. పత్రికలో కృతజ్ఞతల ముక్క వేయిస్తున్నా. ఎవరి పేరూ పోకూడదు, ఎవరి కష్టమూ మరుగున పడకూడదు. ఇక్కడ అందరూ ఉన్నారు కదా, ఒకసారి విని సరిచూసి పెట్టండి." సంచీలోంచి కాగితం తీసి కళ్ళజోడు పెట్టుకుంది. "'మేము ఆసుపత్రిలో ఉండగా, మాకు ఒక్క మాటైనా చెప్పకుండా, మా గుట్టని తన సొంత పెద్ద ట్రాక్టరుతో, సొంత డిస్కుతో దున్నిన మిత్రుడు ఐనార్ లోఫ్తుస్‌కి...'"

"యంత్రం" అన్నాడు ఫైఫర్ గారు. అనాలని అనలేదు, నోరు జారింది. ఆయన వేలు అప్పటికే పుస్తకంలో ఏదో పేజీ మీదుంది.

"'...తన కొట్టులోంచి మేలురకం గోధుమ విత్తనం తెచ్చి పోసిన కెర్మిట్ బాకెన్‌కి...'"

"విత్తనం."

"'...పొద్దున్నించి చీకటి పడేదాకా విత్తే యంత్రం మీంచి దిగని డెల్మర్ రూడ్‌కి...'"

"శ్రమ" అన్నాడు ఫైఫర్ గారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

డెల్మర్ తన పేరు మాత్రం విని సంతోషంగా చెయ్యెత్తాడు. కెర్మిట్ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"'...పల్లం తడిగా ఉంది, గుట్టే విత్తుదాం అని తానే ఆలోచించి, తానే తేల్చి, అందరినీ నడిపించిన ఐనార్‌కి మరోసారి...' రెండుసార్లు వేస్తే బాగుంటుందా ఐనార్, ఒకసారి చాలా?"

"నిర్ణయం" అన్నాడు ఫైఫర్ గారు, నీరసంగా. పుస్తకం మూసి, మళ్ళీ తెరిచాడు. "శ్రమ, యంత్రం, విత్తనం, నిర్ణయం. నాలుగూ సమకూర్చినవాడే సేద్యంలో క్రియాశీలంగా నిమగ్నమైన వ్యక్తి. అంటే ఆ గుట్ట మీద ఈ ఏడు రైతు... ఓర్విల్ స్కోగెన్ గారు కారు. పచ్చిక భంజకులు..." బల్లకి ఆవలివాళ్ళని చూసి ఆగిపోయాడు.

"ఏ పొలం మీదా, ఏ పథకం కిందా..." అని గొణిగింది ట్రీనా, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఐనార్ చెవులు బీట్‌రూట్ దుంపల్లా అయ్యాయి. అతనికి ఎనిమిది చెక్కల పొలం ఉంది, పళ్ళ డాక్టరు వాటా కాకుండా.

"బోర్గిల్డూ" అన్నాడు. ఆఫీసు గొంతు ఎటుపోయిందో పోయింది. "ఇది... ఇది పత్రికలో వేయిస్తావా?"

"వేయించనంటే ఫిల్లిస్ ఏమంటుంది? అందరూ అడుగుతున్నారట గదా."

"మేమేదో మంచి మనసుతో చేశాం గానీ..."

"నాకు తెలియదా ఐనార్? మంచి మనసుతోనే చేశారు. మంచి మనసుతోనే నా మొగుడి మీద నేరం రాశారు. మంచి మనసుతోనే నా ఇల్లు కొంటానన్నారు. మీ మంచితనం అడ్డుకోడానికే నేనింత దూరం రావాల్సొచ్చింది." అంతమాట ఆ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ, మొహం మీద, అని ఎరగరు.

కెర్మిట్ డైరెక్టరు వైపు తిరిగి "ఫైఫర్ గారూ, ఇంకో దారేమీ లేదా?" అన్నాడు.

"ఉందండీ. సద్భావ సడలింపు. లబ్ధిదారు ప్రమేయం లేకుండా పొరపాటు జరిగితే కమిటీ మన్నించి ఒప్పందం కొనసాగించొచ్చు. పోయినవారం ఇదే మాట మీకు చెప్పాను. కమిటీ ఆసక్తి చూపలేదు."

ఇప్పుడు కమిటీకి ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ముగ్గురూ చేతులెత్తారు. డెల్మర్ రెండూ ఎత్తాడు. పైరు వెన్ను తీయకముందే మట్టిలో కలిపెయ్యాలి, విత్తినవాళ్ళే సొంత ఖర్చుతో మళ్ళీ గడ్డి వెయ్యాలి అని షరతు రాశారు. సమావేశం మినిట్స్‌లో కారణం రాయాల్సిన చోట ఏం రాయాలని ట్రీనా అడిగింది. వరద, వడగళ్ళు, సుడిగాలి, మిడతలు అని వరసగా ఉన్నాయట. పొరుగువారు అని లేదు. ఫైఫర్ గారు ఆలోచించి "ఇతర వైపరీత్యం అని రాయండి" అన్నారు. ఆ వారం పత్రికలో 'ఇతరత్రా ఆదుకున్నవారందరికీ' అని పడింది. పేర్లు పడలేదు.

జూన్‌లో ఓర్విల్ ఇంటికొచ్చాడు. బోర్గిల్డ్ కిటికీ దగ్గర కుర్చీ వేసి దుప్పటి కప్పింది. అప్పటికి గుట్ట గుట్టంతా పచ్చగా ఉంది. తొమ్మిదేళ్ళు నిద్రపోయి లేచిన నేల. ఒక్క గింజ కూడా మొలవకుండా పోలేదు. అంత దట్టమైన గోధుమ ఆ ఏడు కౌంటీ మొత్తంలో లేదు.

ఓర్విల్ చూస్తూ ఉండిపోయాడు. అతని మొహంలోకి రంగు వచ్చింది. "బోర్గిల్డ్, అది మన గుట్టేనా? ఎవరు విత్తారు?"

ఆవిడ అతని పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. ఏదీ దాచలేదు. చివరికి, "ఇంత మంచి మొలక" అన్నాడు.

"తెలుసు."

"కోత దాకా ఆగమంటే ఆగరా?"

"వెన్ను తీస్తే అది పంటవుతుంది. పంటైతే ఒప్పందం పోతుంది. ఇల్లు పోతుంది ఓర్విల్."

మర్నాడు ఐనార్ డిస్కు కట్టుకుని వచ్చాడు. గుట్ట మొదట్లో ట్రాక్టరు ఆగింది. ఇంజను ఆడుతూనే ఉంది, చక్రం మాత్రం కదల్లేదు. కాసేపటికి అతను నడిచి వచ్చి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు.

"నా వల్ల కావట్లేదు బోర్గిల్డూ. పుట్టి బుద్ధెరిగాక నిలబడ్డ పైరు మీద డిస్కు పెట్టి ఎరగను."

"కెర్మిట్‌ని రమ్మను."

"పంటినొప్పి అంటున్నాడు."

"మీ అబ్బాయికి చెప్పు. ఫోనులోనే క్రియాశీలంగా పీకేస్తాడు."

ఐనార్ నవ్వలేదు. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గడ్డిని మూడు తిప్పులు తిప్పి చంపినప్పుడు అతనికి చెయ్యి వణకలేదు. అందులో పక్షుల గూళ్ళు నలిగినప్పుడు వణకలేదు. గోధుమ దగ్గరికొచ్చేసరికి వణికింది. పోనీలే, ఇప్పుడైనా వణికిందనుకుంది బోర్గిల్డ్. ఒక్క క్షణం అతని మీద జాలేసింది కూడా. మరుక్షణం తన మీద తనకే వేసింది. ఇక ఎవరూ లేరు కాబట్టి ఆవిడే బూట్లు తొడుక్కుంది.

గుట్ట మొదట్లో ఆగి ఉన్న ఐనార్ ట్రాక్టరు ఎక్కి డిస్కు దింపింది. పచ్చటి పైరు పళ్ళాల కింద పడి నల్లటి మట్టై వెనక నుంచి వచ్చింది. ప్రతి మలుపులోనూ ఇల్లు ఎదురుగా కనబడేది, కిటికీలో ఓర్విల్ కనబడేవాడు. అటు చూడకూడదనుకుంది, చూసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. క్యాబిన్లో ఎవరు చూడొచ్చారు? ఒకప్పుడు ఇదే గుట్ట మీద, ఇదే పంట కోసం, ఇద్దరూ కలిసి రాళ్ళు ఏరారు.

మధ్యాహ్నానికి పని అయింది. చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. ఓర్విల్ కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని నడిచి, కాఫీ పెట్టి ఉంచాడు. ఇద్దరూ తాగారు.

"పైమలుపు దగ్గర ఒక చాలు వదిలేశావ్" అన్నాడు.

"కళ్ళజోడు మసకేసింది."

"ఆఫీసువాళ్ళు కొలవడానికి వస్తారు. పచ్చగా కనబడుతోంది." అతను కిటికీ వైపు తల తిప్పలేదు. "రేపు వెళ్ళి అది కూడా కానిచ్చెయ్యి."

బోర్గిల్డ్ అతని కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"రేపు కాదు, ఎల్లుండి" అంది.